25 దగ్గర ఆగాల్సిన బండి

ఉట్నూర్‌లో నాది మోటార్ వైండింగ్ షాపు. బోరు మోటార్లు కాలిపోతే చుట్టుపక్కల గూడేల రైతులు నా దగ్గరికి తెస్తారు. మా అబ్బాయి మన స్కూల్లోనే తొమ్మిదో తరగతి, అమ్మాయి ఐదు. ఈ పేజీలో సాధారణంగా మార్కుల గురించి, ఫోన్ల గురించి రాస్తుంటారు. నేను ఒక బండి గురించి రాస్తాను. మీ ఇంట్లోనూ అలాంటిది ఉండొచ్చు.

స్కూల్ బస్సు ఆగే చోటు మా ఇంటికి మూడు కిలోమీటర్లు. పోయిన ఏడాది వాడికి ఒక ఎలక్ట్రిక్ బండి కొన్నాను. లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు అన్నారు, అదే చాలనుకున్నాను. ఆ మాట నిజమే, కానీ దానికి షరతులున్నాయి. మోటారు 250 వాట్ల లోపు ఉండాలి. వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండాలి. బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించకూడదు. ఇవన్నీ ఉంటేనే కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు దాన్ని మోటారు వాహనంగా లెక్కించవు.

ఆ 25 దగ్గర బండిని ఆపేది సీటు కింద ఉండే కంట్రోలర్. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చూసుకుంటూ, హద్దు రాగానే మోటారుకు కరెంటు తగ్గిస్తుంది. మా బండిలో ఆ హద్దు అంతా రెండు సన్నటి తీగల కప్లర్ మీద ఉంది. మూత విప్పితే చేతికి అందుతుంది.

దసరా సెలవుల్లో వాడు షాపుకొచ్చి, "బాపూ, బండి గుట్ట ఎక్కుతలేదు. లాక్ తీస్తే ఎక్కుతదట" అన్నాడు. మా చేను గుట్ట పక్కన ఉంది, బాటంతా మొరం. నేను ఒక స్టేటర్‌లో తీగ చుడుతున్నాను. "తర్వాత చూద్దాం తియ్" అన్నాను. వద్దు అనలేదు. వాడు ఫోన్లో వీడియో చూసి, నా స్క్రూడ్రైవరే తీసుకుపోయి, ఆ కప్లర్ ఊడదీశాడు.

మూడో రోజు చెల్లెను వెనక కూర్చోబెట్టుకుని చేనుకు పోయాడు. తిరిగొచ్చేటప్పుడు ఆ పిల్ల సీతాఫలాలు కోసుకుంటానని గుట్ట మీదే దిగిపోయింది. వీడు ఒక్కడే దిగుతున్నాడు. మలుపులో మేకలు అడ్డం వచ్చాయి. బ్రేకు పట్టాడు, చక్రం మొరంలో జారింది. ఎడమ చేతి మణికట్టు ఎముక చిట్లి కట్టు కట్టారు. హెల్మెట్ పెట్టుకుని ఉన్నాడు. కుడి చేయి బాగానే ఉంది కాబట్టి ఎస్‌ఏ-1 పరీక్షలు రాశాడు. వెనక సీటు ఖాళీగా ఉందన్న సంగతి వాళ్లమ్మ ఇప్పటికీ రోజూ తలుచుకుంటుంది.

పడేముందు మీటర్లో 45 చూశానన్నాడు. 25లో బండి సెకనుకు ఏడు మీటర్లు పోతుంది, 45లో పన్నెండున్నర. కానీ ఆపాల్సిన శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అదే బ్రేకు, అదే సన్న టైరుతో ఆగాలంటే మూడు రెట్లకు పైగా దూరం కావాలి. వాడి సైన్సు పుస్తకంలో గతిశక్తి పాఠం ఉంది. వాడు చదివాడు కూడా.

నాకు కోపం వచ్చింది. "ఎవర్ని అడిగి విప్పినవ్‌రా?" అన్నాను. వాడు తల దించుకునే, "నువ్వు గూడ రిలే పెంచుతవ్ గద బాపూ" అన్నాడు.

ఇది మీకు కొంచెం వివరించాలి. బోరు మోటారు స్టార్టర్ డబ్బాలో ఓవర్‌లోడ్ రిలే అని ఒకటి ఉంటుంది. మోటారు ఎక్కువ కరెంటు లాగితే అది స్టార్టర్‌ను పడేస్తుంది. పంట ఎండుతుంటే రైతు ఓర్చుకోలేడు, జర రిలే పెంచమంటాడు. నేను స్క్రూ తిప్పి పంపిన రోజులు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని మోటార్లు కాలి మళ్లీ నా దగ్గరికే వచ్చాయి, వైండింగ్ డబ్బులు నాకే ఇచ్చారు. సెలవుల్లో మావాడు స్టూలు మీద కూర్చుని ఇదంతా చూసేవాడు.

వాడికి జవాబు చెప్పలేక చట్టం వెతికాను. పోలీస్ స్టేషన్‌లో రాత పనిచేసే మిత్రుడొకాయన కూర్చోబెట్టి చెప్పాడు. హద్దు తీసేసిన రోజు నుంచి అది మోటారు వాహనమే. నంబరు లేని, ఇన్సూరెన్స్ లేని మోటారు వాహనం. మొరం బాట రోడ్డు కాదు కదా అన్నాను. జనం నడిచే హక్కున్న దారి ఏదైనా చట్టానికి బహిరంగ స్థలమేనట. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు నడిపి నేరం చేస్తే దోషి తండ్రి లేదా బండి యజమాని. మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. వాడు ఇంజినీరింగు అయ్యి ఉద్యోగంలో చేరినా బండి తోలలేడన్నమాట. ఇదేదో పిల్లల పని మాత్రమే అనుకోకండి, 2023లో కేరళ రవాణా శాఖ తనిఖీలు చేస్తే షోరూముల్లోనే ఇలా వేగం పెంచిన బండ్లు దొరికాయి.

కట్టు విప్పాక ఒక ఆదివారం వాణ్ని, బండిని, నా క్లాంప్ మీటరును మా సొంత చేనుకు తీసుకుపోయాను. పత్తి ఏరేసిన చోట గట్టు వెంబడి ఎత్తు ఉంది. బండి నేనే తోలాను. ఒకసారి కప్లర్ పెట్టి, ఒకసారి విప్పి ఎక్కించాను. మీటరు చూసే పని వాడిది. రెండుసార్లూ బండి 14 దాటలేదు, కరెంటూ ఒకటే చూపించింది.

నాకు ముందే తెలిసిన సంగతే, వాడు కళ్లతో చూడాలని చేశాను. ఎత్తు ఎక్కడానికి కావాల్సింది వేగం కాదు, లాగుడు. లాగుడు కరెంటు నుంచి వస్తుంది, ఆ కరెంటుకు కంట్రోలర్‌లో వేరే హద్దు ఉంది. అదీ పెంచొచ్చు కదా అంటే, కరెంటు రెండింతలైతే తీగలో వేడి నాలుగింతలు అవుతుంది. చక్రం లోపల మూసి ఉన్న మోటారుకు గాలి ఆడదు, ఎత్తు మీద మెల్లగా పోతూ ఇంకా వేడెక్కుతుంది. వార్నిష్ కాలిన వాసన ఎలా ఉంటుందో నన్ను అడగండి. వాడు విప్పిన తీగ గుట్ట ఎక్కడానికి పనికి రాలేదు. దిగేటప్పుడు, తారు రోడ్డు మీదే పనికొచ్చింది. తారు రోడ్డు మీద దోస్తుల బండ్లు దాటిపోతుంటే మనసు ఊరుకోలేదని అప్పుడు చెప్పాడు.

మీ ఇంట్లో ఇలాంటి బండి ఉంటే సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాలిలో ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి చూడండి. మీటరు 25 దగ్గర్లో ఆగకుండా పైకి పోతుంటే పిల్లవాణ్ని పిలిచి అడగండి. అరవకుండా అడిగితే చెప్తారు.

మావాడు కప్లర్ తనే పెట్టి టేపు చుట్టాడు. మర్నాడు షాపులో వాడు ఉండగానే ఒక పెద్దమనిషి వచ్చి, స్టార్టర్ పడిపోతాంది, రిలే పెంచమన్నాడు. వాడు నా చేతి వైపే చూస్తున్నాడు. "మోటరు పైకి తియ్యాలె పెద్దాయనా, బేరింగు చూద్దాం" అన్నాను. ఆయన గొణుక్కుంటూ వెళ్లి, సాయంత్రానికి మోటారు ఆటోలో వేసుకుని వచ్చాడు.