రంగుల చేతిపెట్టె

గృహిణి జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు లెక్కకు మిక్కిలి. పెద్దల తిథులు, పిల్లల జన్మనక్షత్రములు, పాలవాని పద్దు, ఎవరి పెండ్లిలో నెవరు ఏ చీర పెట్టిరో తెలుపు చదివింపుల పట్టిక, నిరుటి యావకాయకు పట్టిన నూనె – ఇవి యన్నియు నొక్క స్త్రీ తలలో నుండును. ఆమె ఊరికి పోయిన నాలుగు దినములలో ఇల్లంతయు తడుముకొనును. ఈ భారమున కొంత మోయుటకు మా పుట్టినింట నొక యంత్రము చాలకాలము తోడ్పడినది. అది నేడు నా యొద్ద నున్నది. దానిని గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు విన్నవించుకొనెదను.

దాని పేరు పామ్ త్రీ-సీ. అమెరికాలో 2000 సంవత్సరము ఫిబ్రవరిలో వెలువడినది. నాటి వెల 449 డాలర్లు. పామ్ యంత్రములలో రంగుల తెర గలది యిదియే మొదటిది. పామ్ అనగా అరచేయి. తాటిచెట్టునకును ఆంగ్లమున ఆ పేరే గలదు. తాటాకులమీద కావ్యములు వ్రాసికొన్న మనబోంట్లకు ఆ రెండవ యర్థమే ముందుగా తోచును. ఏలయన దీనికిని ఘంటమువంటి సన్నని పుల్ల యొకటి గలదు. తెరక్రింది పలకమీద వ్రాయుట దానితోనే.

ఈ జాతి యంత్రములలో మొదటిదగు పైలట్ 1996లో వచ్చినది. దానిని కల్పించిన జెఫ్ హాకిన్స్ గారు యంత్రము తయారు కాకమునుపే, తాననుకొన్న కొలతకు కొయ్యముక్క నొకదానిని చేసికొని జేబులో వేసికొని తిరిగెడివారట. ఎవరైన కలిసికొనుటకు వేళ యడిగినచో ఆ ముక్కను తీసి, దానిపై పుల్లతో వ్రాయుచున్నట్లు నటించెడివారట. మన చిన్నపిల్లలు ఉత్త గిన్నెలలో గుజ్జనగూళ్ళు వండి వడ్డించుటకును దీనికిని భేద మేమున్నది? అయినను వెంట నుండదగిన వస్తువు ఎంత యుండవలెనో ఆయనకు తెలిసిన దా యాటవలననే.

మా మేనమామగారు ఆ రోజులలో అమెరికాలో కంప్యూటరు పనిలో నుండిరి. 2001 వేసవిలో వచ్చినపుడు తన చేతిపెట్టెను మా యమ్మ కిచ్చి, "అక్కా, నీ పద్దుపుస్తకములన్నియు దీనిలో మూలకు పట్టును" అనిరి. ఆ మాట నిజమే. దాని జ్ఞాపకశక్తి 8 మెగాబైట్లు. నేటి సెల్‌ఫోనుతో తీసిన ఫోటోలు రెండు మూడు దానిని నింపివేయును. కాని వట్టి యక్షరములకు అది సముద్రము.

అందు వ్రాయుటకు గ్రాఫిటీ యను లిపి నేర్వవలెను. ఆంగ్లాక్షరములే గాని, దాదాపు ప్రతి యక్షరమును పుల్ల యెత్తకుండ నొక్క గీతతో ముగింపవలెను. 'ఏ' అక్షరమునకు నడిమి యడ్డగీత యుండదు. ఇంటికప్పువలె రెండు వాలులు గీసిన చాలును. అక్షరములకు ఎడమవైపు, అంకెలకు కుడివైపు చోటు. పెద్ద యక్షరము కావలసినచో ముందుగా క్రిందినుండి పైకి నిలువుగీత యొకటి గీయవలెను. అన్నయ్యయు నేనును రెండు దినములు పోటీపడి విసిగి వదలితిమి. అమ్మ పదిదినములలో నేర్చెను. ముగ్గు వేయు చేతికి గీత యెత్తకుండ త్రిప్పుట యొక విద్యయా!

తెలుగు మాత్రము దానికి రాదు. యూనికోడునందు మన లిపికి 1991లోనే చోటు దొరకినను ఈ యంత్రము దాని నెరుగదు. అందుచేత అమ్మ తెలుగు మాటలను ఆంగ్లాక్షరములలో వ్రాసెను. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున మన తెలుగు విద్యార్థులు కల్పించిన పద్ధతి నొకదానిని మామయ్య కాగితముమీద వ్రాసి యిచ్చియుండిరి. చిన్న 'టీ' తకారము, పెద్ద 'టీ' టకారము. చిన్న 'ఎల్' లకారము, పెద్ద 'ఎల్' ళకారము. పళ్ళెము అని వ్రాయుటకు రెండు నిలువుగీతలు అధికము. అలసిన వేళల అమ్మ ఆ గీతలు మానివేసెడిది. దాని ఫలము నే ననుభవించుచున్నాను. "పాత పుస్తకము పెద్దమ్మ తీసికొన్నది" అని యొకచోట నున్నది. అది పాత పుస్తకమో, పాటల పుస్తకమో చెప్పువారు లేరు. పెద్దమ్మయు లేదు.

ఇక రంగుల సంగతి. తెర నిలువునకును అడ్డమునకును నూట అరువదేసి చుక్కలు, రంగులు 256. శీర్షికలు నీలముగ నుండును. చూపునకు ముచ్చటయే గాని, ఆవపిండి కొలతకు నీలిరంగు వలన కలుగు మేలేమియు నాకు కనబడలేదు. పైగా ఎండవెలుతురులో ఆ తెర వెలవెలబోవును. పగలు వసారాలో కూర్చుండి చూడబోయిన తనముఖమే తనకు కనబడునని అమ్మ నవ్వెడిది. రాత్రి కరెంటు పోయినప్పుడు మాత్రము చిన్న దీపమువలె వెలుగును. ఆ వెలుగునకు మూల్యము గలదు. రంగులేని పాత పామ్‌లలో పలువానికి రెండు చిన్న బ్యాటరీలు వేసిన వారములకొలది నడచెడివి. దీనికి లోపలనే యమర్చిన బ్యాటరీ. పీఠముమీద కూర్చుండబెట్టి తరచు దానికి బలము నింపవలెను. అది పూర్తిగా నుడిగెనా, లోపలి వ్రాతయంతయు తుడిచిపెట్టుకొనిపోవును. నాటి యంత్రముల జ్ఞాపకమట్టిది, ప్రాణమున్నంతవరకే స్మృతి. దానిలోనిది కంప్యూటరునకు పంపి ప్రతి యుంచుకొనుడని అందరును చెప్పెడివారు. మా యింట కంప్యూటరు లేదు.

2003లో గోదావరి పుష్కరములకు మావారందరును రాజమహేంద్రవరము పోయిరి. అప్పటికే దాని బలము సన్నగిల్లియుండెను. తిరిగి వచ్చునప్పటికి పెట్టె క్రొత్తదానివలె, తెరమీద గుర్తులను పుల్లతో తాకుమని యడుగుచుండెను. రెండేండ్ల వ్రాత పోయినది. అమ్మ ఏడ్వలేదు. పాత పద్దుపుస్తకములు అటకమీదినుండి దింపించి, నెలదినములు రాత్రివేళల మరల వ్రాసెను. అంతటినుండి సాయంకాలము దీపము పెట్టినవెంటనే పెట్టెను పీఠముపై నుంచుట ఆమెకు నియమమయ్యెను.

మన పండుగలతో దాని కెప్పుడును పొత్తు కుదరలేదు. దాని తేదీల పుస్తకము 1904 మొదలు 2031 వరకు నడచును. ఏటేట ఒకే తేదీన వచ్చుదానిని గాని, నెలలో రెండవ మంగళవారము వచ్చుదానిని గాని ఒకమారు వ్రాసిన తానే మరల మరల చూపును. తిథి యనునది దానికి తెలియదు. మా తాతగారి ఆబ్దికము శ్రావణ బహుళ పంచమి. 2004లో అధికశ్రావణము వచ్చి, నిజశ్రావణము నెల వెనుకకు జరిగినప్పుడు ఏ యంత్రము చెప్పగలదు? కనుక ప్రతి యుగాదికిని అమ్మ క్రొత్త పంచాంగమును ప్రక్కన పెట్టుకొని సంవత్సరము నంతటిని చేతితో నెక్కించెడిది. యంత్రము ఆమెకు జ్ఞాపకము చేసినదందురు. నేను చూచినంతవరకు ఆమెయే యంత్రమునకు జ్ఞాపకము చేసినది.

2019లో అమ్మ పోయినది. వస్తువులు పంచుకొనునప్పుడు దీని నెవరును కోరలేదు, నేను తెచ్చుకొంటిని. తెరచి చూడగా ఆమె వ్రాసిన చీటీలు నూట పండ్రెండు. వానిలో నూట తొమ్మిది చదువవచ్చును. మూడింటి స్థానమున బూడిదరంగు పట్టెలు మాత్ర మున్నవి. రహస్యమని గుర్తుపెట్టిన వ్రాత నీ యంత్రము అట్లు కప్పి చూపును. పట్టెను తాకినచో సంకేతపదము నడుగును. ఆ పదము మాలో నెవరికిని తెలియదు. మరచితినని చెప్పుటకు మార్గమొకటి యున్నది. కాని అట్లు చెప్పినచో యంత్రము పాత సంకేతమును తీసివేయుచు, దానితో పాటు రహస్యపు వ్రాతల నన్నిటిని చెరిపివేయును.

అన్నయ్య కంప్యూటరు తెలిసినవారి నడిగెను. ఆ వ్రాతకు గట్టితాళ మేమియు లేదనియు, తగిన తీగ తగిలించి ప్రతి తీసినచో సంకేతపదము లేకయే అంతయు చదువవచ్చుననియు వారు చెప్పిరి. వారి మాట సరియే. తీగను కొనిపంపుచు అన్నయ్య యిట్లు వ్రాసెను: "అమ్మ మనకు చెప్పదలచినదేమో! అప్పో, సొప్పో, ఎవరికైన ఇయ్యవలసినదో. చూడక వదలుట న్యాయమా?"

ఆ మాట త్రోసివేయరానిది. ఇయ్యవలసిన బాకీ యుండి మేము తీర్పకున్న ఆమె పేరునకే మచ్చ. కాని నాకు వేరొకటియు తోచుచున్నది. మా యమ్మ ముప్పదేండ్ల కాపురములో తనదని తాళము వేసికొన్న బీరువా యెరుగదు. ఆమె కొంగున ముడివేసిన తాళపుచెవులన్నియు ఇంటివే. వచ్చిన యుత్తరమును ముందుగ నెవరో విప్పి చదివి, తరువాత ఆమె చేతి కిచ్చెడివారు. అట్టి స్త్రీ నూట పండ్రెండింటిలో మూడు దాచుకొన్నది. అవి అప్పులో, కన్నీరో, ఎవరిమీదనైన కోపమో, లేక చక్కని పాట యొకటియో! చెప్పదలచినదే యైనచో, ఆసుపత్రిలో నేను ప్రక్కన కూర్చున్న పదునొకండు దినములలో చెప్పియుండదా?

బాకీ సంగతి తేల్చుటకు ఆమెతో ఇచ్చిపుచ్చుకొన్న నాలుగిండ్లవారిని నేనే పోయి యడిగితిని. ఇయ్యవలసిన దేమియు లేదనిరి. ఒకామె మాత్రము తానే అమ్మకు వెండిగిన్నె బాకీయని లోపలినుండి తెచ్చి చేత పెట్టినది. ఈ సంగతి అన్నయ్యకు వ్రాసితిని. ఇంకను బదులు రాలేదు.

పెట్టెకు బలము తగ్గిపోవుచున్నది. పీఠముమీదినుండి తీసినచో గంటసేపు నిలుచుట కష్టముగ నున్నది. కరెంటు పోయినదన్న నా గుండె కొట్టుకొనును. అందుచేత మధ్యాహ్నము వంటయిల్లు సర్దిన తరువాత, చదువవచ్చిన చీటీలను నోటుపుస్తకములోనికి తెలుగులిపిలో ఎక్కించుచున్నాను. ఎనుబదినాలుగు పూర్తియైనవి. నిన్నటిది గోంగూర నిలువపచ్చడి. తూకము లన్నియు వ్రాసి, చివర "చిన్నదానికి కారము తగ్గించవలెను" అని యున్నది. చిన్నది నేనే.

అన్నయ్య పంపిన తీగ బల్లసొరుగులో, వచ్చిన కాగితములోనే చుట్టియున్నది. రేపటి చీటీ చదివింపుల పట్టిక; పెద్దది, రెండు దినములు పట్టును.