పెద్దత్తయ్య ఫోటో కింద రాసిన మాట

మన ఆల్బంలో భద్రావతి ఇంటి పెరట్లో, నూతి గట్టు దగ్గర పెద్దత్తయ్య నిలబడ్డ ఫోటో ఒకటుంది. దాని కింద ఎవరో "మడి తప్పని మనిషి" అని రాశారు. ఆ మాట మార్చమని అడగడానికే ఇది రాస్తున్నాను.

వేసవి సెలవులకి మేము కర్ణాటక నుంచి బయల్దేరి, బల్లార్షాలో రైలు మారి భాందక్‌లో దిగేవాళ్ళం. ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ నూతి దగ్గరే ఉండేది. బియ్యం ఏడుసార్లు కడగాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క మళ్ళీ మొదటికొచ్చేది. ఏ మూడింటికో అన్నం ముందు కూర్చుని, గుమ్మంలో ఎవరిదో నీడ పడిందని లేచిపోయేది. వేళ్ళు నాని పగిలి ఉండేవి. చెయ్యెత్తితే గాజులు మోచేతి దాకా జారేవి. ఫ్యాక్టరీ క్వార్టర్ల నుంచి వచ్చే మనవాళ్ళు "ఎంత నిష్ఠ!" అనేవాళ్ళు. పక్కింటి మరాఠీ వాళ్ళు సోవళ అనేవాళ్ళు. నేను చదివిన కన్నడంలోనూ అది మడే. మూడు భాషల్లోనూ పొగడ్తే. చాదస్తం అన్న మాట మాత్రం చాటుగా వినపడేది.

తొమ్మిదేళ్ళప్పుడు, నవ్వుతుందేమోనని కావాలనే ఆవిడ పళ్ళెం ముట్టుకున్నాను. ఆ రోజూ మర్నాడూ ఆవిడ తినలేదు. నన్ను ఒక్క మాట అనలేదు.

బెంగళూరు నిమ్హాన్స్‌లో ఓసీడీ మీద ఏళ్ళ తరబడి పనిచేసిన డాక్టర్ వై.సి. జనార్దన్ రెడ్డి గారు, సహచరులతో కలిసి 2017లో ప్రచురించిన చికిత్సా మార్గదర్శకాలు ఈమధ్య చదివాను. మందు సరైన మోతాదులో పన్నెండు వారాలైనా వాడి చూడాలట. దాంతోపాటు ఇంకో పద్ధతి ఉంది: భయపడే వస్తువుని ముట్టుకుని, కడుక్కోకుండా ఆగడం. అయితే రోగి ఒప్పుకుని, చిన్న భయంతో మొదలుపెట్టి, మెల్లగా. నేను చేసింది అది కాదు.

జబ్బు తీవ్రత కొలిచే యేల్-బ్రౌన్ స్కేలులో పది ప్రశ్నలు, 40 మార్కులు. నువ్వు కడిగేది మడికా, మురికికా అని అందులో మార్కులు పడవు. రోజుకి ఎంతసేపు పోతోంది, ఎంత బాధ, ఆపుకోగలవా, ఇవే లెక్క. నా ఉద్యోగమూ చూసిందే చూడడం. కానీ ఎక్కడ ఆపాలో ముందే రాసుకుంటాం. పెద్దత్తయ్యకి ఆ "చాలు" ఎప్పుడూ రాలేదు.

తిండి సంగతి వేరే. 2004లో ప్రచురించిన అధ్యయనంలో వాల్టర్ కే బృందం అనొరెక్సియా, బులీమియా ఉన్న 672 మందిని పరిశీలిస్తే, 41 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఓసీడీ కూడా ఉంది. చాలామందికి అది చిన్నప్పుడే, తిండి జబ్బుకి ముందే మొదలైంది. అనొరెక్సియాలో లావెక్కుతామన్న భయం ఉంటుంది. పెద్దత్తయ్య అద్దమే చూసేది కాదు, ఆవిడ భయమంతా అంటు గురించే. ఏ పేరు పెట్టాలో డాక్టరు చెప్పాల్సింది, మనం చూపించనే లేదు. ఇంకొకటి: 1944–45లో మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళకి ఆరు నెలల పాటు తిండి తగ్గించి పెడితే, వాళ్ళు ముక్కలు చిన్నవిగా కోసుకుని, గంటలకొద్దీ తింటూ, వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు. అంటే ఆకలి కూడా మనిషిని అలా చేస్తుంది. మనం ఆవిడ ఉపవాసాల్ని మెచ్చుకుంటూ వచ్చాం.

ఫోటోలో ఆవిడ నిలబడ్డ ఆ గట్టు మీదే, తడి వేలితో "క" రాసి, నా కన్నడ గీతని తెలుగు తలకట్టుగా మార్చడం నేర్పింది. ఎండకి అక్షరం ఆరిపోతే మళ్ళీ రాసేది. ఫోటో కింద అది రాయండి.