ఇరవై నాలుగు గుంటల్లో రాక్షసబల్లులు

మహబూబాబాద్ జిల్లా గార్లలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగే కుటుంబాలకు పట్నంలో ఏమేం చూడాలో ముందే ఒక లెక్క ఉంటుంది. చార్మినార్, సాలార్‌జంగ్, బిర్లా మందిరం. మందిరం దాకా వచ్చాక, పక్కనే ఉన్న ప్లానిటోరియానికి పోదామని పిల్లలు మారాం చేస్తారు. ఆ ప్లానిటోరియం ఉన్న నౌబత్ పహాడ్ గుట్ట మీది బిర్లా సైన్స్ సెంటర్‌లోనే 2000లో డైనోసారియం అనే రాక్షసబల్లుల విభాగం తెరిచారు. చాలామంది దాన్ని కాళ్లు పీకే వేళకు, ఆఖర్న చూస్తారు.

లోపల పొడవాటి మెడతో, తోకతో నిలబడి ఉన్న అస్థిపంజరాన్ని చూసి ఇదేదో అమెరికా సరుకనుకుంటే పొరపాటే. కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అనే ఈ జీవిది మన గోదావరి లోయే. భూపాలపల్లికి ఉత్తరంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న యామన్‌పల్లి దగ్గర దొరికింది.

దొరికిన తీరు ఇంకా విచిత్రం. 1970ల చివర్లో అక్కడ 840 ఎముకలు బయటపడ్డాయి. అవన్నీ ఉన్న చోటు 2,400 చదరపు మీటర్లు. మన లెక్కలో ఇరవై నాలుగు గుంటలు. అంత చిన్న చెలకలో కనీసం 12 జంతువుల ఎముకలు కలగలిసి పడి ఉన్నాయి. ఏది ఏ జంతువుదో, ఏది ఎక్కడ అతకాలో తేల్చడానికి ఏళ్లు పట్టింది. పి. యాదగిరి 1988లో ఈ జాతికి పేరు పెట్టారు. ఎముకల పూర్తి వివరణ 2001లో అచ్చయింది.

ఇన్ని దొరికినా తల దొరకలేదు. పుర్రెకు సంబంధించి చేతికందినవి రెండు పళ్లే. కాబట్టి మ్యూజియంలో పిల్లలు ముందుగా వేలు చూపించే ఆ తల ఊహించి చేసినదే. వయసు దగ్గరా పేచీ ఉంది. మ్యూజియం 16 కోట్ల ఏళ్లంటుంది. యాదగిరి వ్యాసం చెప్పే తొలి జురాసిక్ కాలాన్ని బట్టి చూస్తే 17 కోట్ల పైమాటే.

ఈ లోయ సొత్తు ఇలా ఊరు దాటడం కొత్త కాదు. గార్ల పొరుగున ఇల్లెందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో బొగ్గు కనిపెట్టాడు. కోటాసారస్ పుట్టడానికి కోట్ల ఏళ్ల ముందే అడవులు పూడిపోయి అయిన ఆ బొగ్గూ ఊరు దాటిపోయింది. ఎముకలదీ అదే దారి. చీరల పోచంపల్లి కాదు, గోదావరి లోయలోనే మరో పోచంపల్లి ఉంది. అక్కడ దొరికిన బారాపాసారస్ కలకత్తా చేరి, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబడింది. ఆ ఎముకలు తవ్విన 1961 రవీంద్రుడి శతజయంతి ఏడు కావడంతో దాని జాతి పేరులో టాగోర్ కూడా చేరాడు.

శాస్త్రానికి కోటాసారస్, బారాపాసారస్ రెండూ ముఖ్యమే. ఇవి సారోపాడ్లు; భూమ్మీద నడిచిన అతి భారీ జంతువులు ఆ వంశానివే. ఆ వంశంలో తొలి తరాల వాటికి ఇంత నిండుగా ఎముకలు దొరికిన చోట్లు ప్రపంచంలో కొన్నే.

అసలు ఎముకలు పట్నంలో భద్రంగా ఉంటే మంచిదే. కానీ అచ్చుపోసిన నకలును ఇక్కడ పెట్టడానికి ఏ ఇబ్బందీ లేదు. భూపాలపల్లిలోనో మహబూబాబాద్‌లోనో ఒక హాలు కట్టి, కోటాసారస్ నకలు ఒకటి నిలబెట్టి, పక్కన ఒక బొగ్గు పెళ్ల పెట్టి, ఏది ముందో ఏది వెనుకో తెలుగులో రాసిపెట్టాలి. అందాకా హైదరాబాద్ వెళ్లే గార్ల పిల్లలకు డైనోసారియం ఆఖర్న కాక మొదట చూపించండి.