ఈ పప్పు ఏ ఊరిది?

ఉదయాన్నే నాంపల్లిలో బయల్దేరే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ మర్నాడు పొద్దున గానీ ఢిల్లీ చేరదు. 2014 నవంబరుకు ముందు ఇదే ఏపీ ఎక్స్‌ప్రెస్. పేరు మారింది గానీ పెట్టెలో ఓ దృశ్యం మాత్రం మారలేదు. కాజీపేట దాటి బండి వేగం అందుకున్నాక చిన్న పుస్తకం, చెవి మీద పెన్నుతో ఓ కుర్రాడు వస్తాడు. "ఖానా... ఖానా... వెజ్, నాన్‌వెజ్?" అంటూ. కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ తలెత్తి అడుగుతుంది: "ఎక్కడ వండుతారు నాయనా?" కుర్రాడికి తెలుగు రాదు. వచ్చినా జవాబు తెలియదు. "పీఛే సే ఆయేగా మాతాజీ" అని వెనకాల ఎక్కడో ఉన్న పాంట్రీ కారు వైపు చెయ్యి ఊపి ముందుకెళ్లిపోతాడు.

వెనకాల నుంచి వస్తుంది. సరే, అంతకు ముందు ఎక్కడి నుంచి వచ్చింది? రాత్రీ పగలూ సాగే ఈ ప్రయాణంలో మాంసం ముట్టనివాళ్లను సతాయించేది రుచి ఒక్కటే కాదు, ఆ ప్రశ్న కూడా.

మంచిర్యాలకు ముందు గోదావరి వస్తుంది. పిల్లలు కిటికీకి అతుక్కుపోతారు, పెద్దవాళ్లు నదిలో వేయడానికి చిల్లర నాణేలు వెతుక్కుంటారు. బెల్లంపల్లి బొగ్గు గనుల ఊళ్లు, కాగజ్‌నగర్ దగ్గరి అడవులు వెనక్కి జరిగి బల్లార్షా వచ్చేసరికి మధ్యాహ్నం. అప్పటికే తెలుగు బోర్డులు అయిపోయి ఉంటాయి. అప్పుడొస్తుంది భోజనం!

అల్యూమినియం రేకు డబ్బా, పైన అట్ట మూత. తెరిస్తే లోపల అన్నానికి చెమట పట్టి ఉంటుంది. పప్పు కందిపప్పో, శనగపప్పో, పెసరపప్పో తేల్చుకునేలోపే సగం అన్నంలోకి ఇంకిపోతుంది. అందులో మామిడికాయ ముక్క గానీ, చింతచిగురు గానీ, కనీసం ఓ టమాటా గానీ ఉండదు. పులుపు తగలని పప్పును తెలుగు నాలుక పప్పుగా ఒప్పుకోదు, పథ్యం అనుకుంటుంది. కూర అంటే బంగాళదుంప, బఠాణీ, వాటి మీద ఎర్రటి నూనె తెట్టు. ఢిల్లీ బండిలో ఇదే, హౌరా బండిలో ఇదే, ముంబయి బండిలోనూ ఇదే. దేశ సమైక్యతకు ఇంతకన్నా గట్టి ఆధారం దొరకదు! చపాతీలు ఒకదానికొకటి అతుక్కుని విడిపోనంటాయి. ఊరగాయ పొట్లాన్ని పంటితో చించాలి, అది చొక్కా మీద పడాలి. చివరికి ఆదుకునేది పెరుగు కప్పు.

2019 చివర్లో సవరించిన ధరల ప్రకారం మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండ్లలో మామూలు శాకాహార భోజనం 80 రూపాయలు. ఆ డబ్బుకు అంతకంటే ఏం పెడతారన్నది కొందరి వాదన. నిజమే, కానీ విందు ఎవరడిగారు? నాలుగు మెతుకులు భయం లేకుండా నోట్లో పెట్టుకోగలిగితే చాలు.

మరచెంబు రోజులు

ఒకప్పుడు తెలుగిళ్లలో ఈ ప్రశ్నకు తావుండేది కాదు. రేపు ప్రయాణమంటే ఇవాళ రాత్రే వంటింట్లో సందడి. చింతపండు గుజ్జు చిక్కగా ఉడికించి, నూనె ధారాళంగా పోసి కలిపిన పులిహోర మర్నాటి దాకా చెక్కుచెదరదు. పులుపు, ఉప్పు, నూనె... మూడూ కలిసి కాపలా కాస్తాయి. ఇడ్లీలకు రెండువైపులా కారప్పొడి, నూనె పట్టించి అరిటాకులో చుట్టేవారు. పెరుగన్నం విషయంలో అమ్మమ్మల తెలివి మరీ గొప్పది. మెత్తటి అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు మాత్రం కలిపి మూతపెట్టేవారు. బండి ఎక్కేటప్పుడు అది పాలన్నం. ఆకలేసే వేళకు దారిలోనే తోడుకుని కమ్మటి పెరుగన్నం! మూత తిప్పి బిగించే ఇత్తడి మరచెంబులో ఇంటి నీళ్లు. డబ్బా తెరిస్తే పెట్టెంతా ఘుమఘుమ. ఎదుటి సీటువాళ్లకు పెట్టకుండా తినడం మర్యాద కాదు. వాళ్లు కూడా మొహమాటపడుతూనే చెయ్యి చాపేవారు. వండిన మనిషి ఎదురుగానే కూర్చుని ఉంది మరి.

ఆ రోజుల గురించి మురిసిపోయేటప్పుడు ఒక సంగతి మర్చిపోకూడదు. తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలిపిన ఇల్లాలే, బండెక్కాక అందరికీ వడ్డించి, ఆఖర్న అడుగూబొడుగూ తినేది. ఇప్పుడు ఆమె కూడా ఉద్యోగానికి వెళ్తోంది. తత్కాల్ టికెట్ దొరికితే మర్నాడే బయల్దేరాలి. 'రైల్లో ఏదో ఒకటి తిందాంలే' అనడం ఆమెకు దొరికిన విశ్రాంతి. ఆ 'ఏదో ఒకటి' ఏమిటన్నదే చిక్కు.

ఈ చిక్కు మాత్రం పాతదే. 1917లో బొంబాయి నుంచి మద్రాసుకు మూడో తరగతిలో ప్రయాణించిన గాంధీజీ ఆ అనుభవాన్ని పత్రికలకు రాశారు. ఆ లైను వెళ్లేది మన గుంతకల్లు, కడప, రేణిగుంటల మీదుగానే. పెట్టెల్లో తొక్కిసలాట, మరుగుదొడ్ల కంపుతో పాటు దారిలో అమ్మే తినుబండారాల మురికి, వాటి మీద ముసిరే ఈగలు, టీ పేరిట పోసే ద్రవం... అన్నిటినీ ఏకరువు పెట్టారు.

అసలు 'ఎవరు వండారు' అన్న ప్రశ్నకు మన దేశంలో మరో ముఖమూ ఉంది. తెల్లవాళ్ల కాలంలో స్టేషన్లలో హిందువుల నీళ్లు వేరు, ముస్లింల నీళ్లు వేరు. దక్షిణాది స్టేషన్ల భోజనశాలల్లో బ్రాహ్మణులకు విడిగా చోటుండేది. ఆందోళనలు చేస్తే గానీ, 1940ల తొలినాళ్లకు గానీ ఆ పద్ధతి పోలేదు. అప్పటి ప్రశ్నలో శుభ్రత కన్నా పుట్టుక పాలు ఎక్కువ. కిటికీ పక్కన పెద్దావిడ అడిగినదాంట్లో ఈ రెండూ ఎంతెంత ఉన్నాయో బహుశా ఆవిడకే తెలియదు. పక్కన కూర్చున్న మనవరాలికి మాత్రం కావలసింది ఒక్కటే... వండినవాళ్లు చేతులు కడుక్కున్నారా, పోసిన నీళ్లు మంచివేనా?

రికార్డుల్లో ఎక్కిన ఎలుకలు

ఆ అనుమానం వట్టి చాదస్తం కాదని చెప్పింది సాక్షాత్తూ ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్. 74 స్టేషన్లలో, 80 రైళ్లలో తిరిగి చూసి రాసిన నివేదిక 2017 జులైలో పార్లమెంటు ముందుకొచ్చింది. శుద్ధి చేయని కుళాయి నీళ్లతోనే పానీయాలు తయారు చేస్తున్నారని, చెత్తడబ్బాలకు మూతల్లేవని, ఆహారం మీద ఈగలూ దుమ్మూ పడకుండా కప్పడం లేదని, రైళ్లలో ఎలుకలు, బొద్దింకలు కనిపించాయని అందులో ఉంది. నాలుగైదు రోజులు తిరక్కుండానే పూర్వా ఎక్స్‌ప్రెస్‌లో ఓ ప్రయాణికుడి వెజ్ బిర్యానీలో చచ్చిన బల్లి వచ్చింది. ఆ కాంట్రాక్టు రద్దు చేశారు. మన దగ్గరా తక్కువేం కాదు. అదే ఏడాది డిసెంబరులో సికింద్రాబాద్ స్టేషన్‌లో, చార్మినార్ ఎక్స్‌ప్రెస్ మరుగుదొడ్డిలోంచి టీ క్యాన్లు బయటికి తెస్తున్న వీడియో మర్నాటి వేసవిలో ఊరూరా తిరిగింది. కాంట్రాక్టరుకు లక్ష రూపాయల జరిమానా పడింది. ఆ వీడియో చూసినవాళ్లలో ఎందరో అప్పట్నుంచి రైల్లో టీ మానేశారంటే ఆశ్చర్యం లేదు.

2017లోనే వచ్చిన కొత్త కేటరింగ్ విధానం వంటను, వడ్డనను విడదీసింది. బండి కదులుతుంటే ఇరుకు పాంట్రీలో వండే బదులు, స్టేషన్ల దగ్గర పెద్ద వంటశాలల్లో వండి బండిలోకి ఎక్కించాలన్నది ఉద్దేశం. పెద్ద వంటశాలను తనిఖీ చేయడం సులువు కాబట్టి ఆలోచన మంచిదే. కానీ దాంతో వంట ప్రయాణికుడికి ఇంకాస్త దూరం జరిగింది. మునుపు నాలుగు పెట్టెలు నడిచి వెళ్తే పాంట్రీలోకి తొంగి చూడొచ్చు. ఇప్పుడు పప్పు ఒక ఊళ్లో ఉడికి, మరో ఊరి దగ్గర చేతికొస్తుంది. వడ్డించే కుర్రాడికే అది ఏ పొయ్యి మీద ఉడికిందో తెలియదు.

పాపం, దెబ్బలు తినేది కూడా ఆ కుర్రాడే! 2024 జులైలో హౌరా నుంచి రాంచీ వెళ్లే వందేభారత్‌లో శాకాహారం అడిగిన పెద్దాయనకు పొరపాటున మాంసాహారం వచ్చింది. ఆయన కోపం పట్టలేక సర్వరు చెంప మీద కొట్టాడు. తోటి ప్రయాణికులే ఆ పెద్దాయన మీద తిరగబడ్డారు. జన్మలో ముట్టనిది నోటికి తగిలిన బాధ చిన్నదేం కాదు. అయితే ఆ డబ్బా నింపింది ఒకరు, చీటీ అంటించింది ఇంకొకరు, కాంట్రాక్టు తీసుకున్నది మరొకరు. అందినవాడల్లా ట్రే పట్టుకున్నవాడే.

ఆకుపచ్చ చుక్కనన్నా నమ్మొచ్చా? చదరపు గడిలో ఆ చుక్క పొట్లాల మీద తప్పనిసరి. లోపల ఏముందో అది చెబుతుంది. గుడ్డు కూర కలిపిన గరిటే పప్పులో పెట్టారా లేదా అన్నది చెప్పడం దాని పని కాదు. ఇటీవల భోజనం పొట్లాల మీద క్యూఆర్ కోడ్ వేస్తున్నారు. ఫోన్‌తో చూస్తే ఏ వంటశాలలో, ఎప్పుడు ప్యాక్ చేశారో తెలుస్తుంది. వంటశాలల్లో కెమెరాలూ పెట్టారు. పెద్దావిడ అడిగిన ప్రశ్నకు వందేళ్లలో రైల్వే ఇచ్చిన తొలి సూటి జవాబు ఇదే అనుకోవాలి. కాకపోతే ఆ గళ్ల బొమ్మను చదవడం ఆవిడకు రాదు. బెర్తు మీద ఉన్న మనవరాలు చెవుల్లోంచి పాటలు తీసి దిగి రావాలి.

రోజుకు 16 లక్షలకు పైగా భోజనాలు పెడుతున్నామని, అందులో ఫిర్యాదులు బహు స్వల్పమని రైల్వేశాఖ చెబుతుంటుంది. అన్ని లక్షల మందికి వండి వార్చడం ఆషామాషీ కాదు, ఒప్పుకోవాలి. కానీ పప్పు బాగాలేదని 139కి ఫోన్ చేసేవాళ్లెందరు? డబ్బా మూసి సీటు కిందికి తోసి, బిస్కెట్ పొట్లం విప్పేవాళ్లే ఎక్కువ. ఆ లెక్క ఎవరి పుస్తకంలోనూ ఎక్కదు.

నాగపూర్‌లో బండి ఆగగానే వాళ్లంతా ప్లాట్‌ఫాం మీదికి దిగుతారు. సీజనైతే కమలాపండ్లు... తొక్క ఉన్న పండంటే దేవుడు సీలు వేసిన పొట్లం కదా! చిత్రమేమిటంటే డబ్బా భోజనాన్ని శంకించిన మనిషే బండి పక్కన సలసల కాగే నూనెలోంచి తీసిన పకోడీని హాయిగా తింటాడు. కళ్ల ముందు వేగింది కాబట్టి ధైర్యం. ఆ నూనె ఎన్నిసార్లు కాగిందో కంటికి కనబడదు. పాడైన వంటనూనెకు 2018 జులై నుంచి చట్టం ఓ హద్దు పెట్టింది. దాన్ని కొలిచే పరికరం ఆహార తనిఖీ అధికారి చేతిలో ఉండాలి గానీ ప్రయాణికుడి జేబులో ఉండదు.

నాగపూర్ దాటితే సాత్పురా కొండలు. మలుపులూ, సొరంగాలూ, టేకు చెట్లూ. దారిలో చూడ్డానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఇటార్సీ తర్వాత నర్మద వంతెన మీదికొచ్చేసరికి చీకటి పడుతుంది. అప్పుడే కొందరికి అసలు కష్టం మొదలవుతుంది. మధ్యాహ్నం డబ్బా మూసేసిన మధుమేహ రోగి సాయంత్రం మాత్ర వేసుకోవాలా, మానాలా? మాత్ర పడి తిండి పడకపోతే చెమటలు పడతాయి, కాళ్లు వణుకుతాయి. పరుగెత్తే బండిలో డాక్టరు కోసం టీటీఈని వెతుక్కోవాలి. మధుమేహులకు, పసిపిల్లలకు తగిన ఆహారం, ప్రాంతీయ వంటకాలు చేర్చుకునేందుకు 2022 నవంబరులో రైల్వే బోర్డు అనుమతి ఇచ్చింది. ఈ-కేటరింగ్‌లో ముందే చెప్పుకుంటే రాబోయే స్టేషన్‌లోని హోటల్ నుంచి సీటు దగ్గరికే తెచ్చిస్తారు కూడా. బండి ఆలస్యమైతే ఇడ్లీ చల్లారుతుంది, అది వేరే సంగతి. ఇవన్నీ తెలిసిన కుటుంబాలు కాస్త తెరిపిన పడ్డాయి. తెలియనివాళ్లు రాత్రి కూడా అరటిపండుతోనే పడుకుంటారు.

తెల్లవారుజామున ఆగ్రా వస్తుంది. ఇక్కడి పేఠా మన వడియాలకు పనికొచ్చే బూడిద గుమ్మడికాయతోనే చేస్తారు. ముక్కల్ని సున్నపు తేటలో నానబెట్టి, చక్కెర పాకంలో ఉడికిస్తారు. నిద్రకళ్లతో కొన్న పెట్టె ఊళ్లో పంచిపెట్టడానికి సంచిలోకి వెళ్లిపోతుంది.

ఢిల్లీలో దిగాక సామాను పడేసిన తెలుగువాళ్లలో చాలామంది మధ్యాహ్నానికల్లా అశోకా రోడ్డులోని ఆంధ్రభవన్ క్యాంటీన్ దగ్గర వరుసలో కనిపిస్తారు. టోకెన్ తీసుకుని, బల్ల ఖాళీ అయ్యేదాకా నించుని, పళ్లెం ముందుకు రాగానే పొడిలో నెయ్యి వేసుకుని మొదటి ముద్ద కలుపుతారు. పప్పు, సాంబారు, పచ్చడి. మళ్లీ వడ్డించమంటే మళ్లీ వడ్డిస్తారు. వంట ఎక్కడ చేశారని అక్కడ అడిగేవాళ్లు అరుదు. బండిలో రెండు పూటలు పస్తున్న పెద్దావిడ మాత్రం గోంగూర పచ్చడి వేళ్లకు అంటుతుండగా వడ్డించే అతన్ని ఆపి, "నాయనా, మీదే ఊరు?" అని అడుగుతుంది.