ఖాళీ గదిలో పంకా

గోల్ బజారుకు కూతవేటు దూరంలో కూర్చుని, ఒక విశ్వవిద్యాలయం తన ఆవరణలో విద్యుత్తు, నీరు, వ్యర్థాలు తగ్గించుకోవడాన్ని గురించి వేసిన ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. ‘వేస్ట్’ అనే మాట దగ్గర కలం ఆగింది. మనకది రెండు మాటలు: పారవేసేది చెత్త, వృథాగా ఖర్చయ్యేది దుబారా.

మా నాన్నగారు గుర్తుకు వచ్చారు. బిలాస్‌పూర్‌లో బొగ్గు ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేసిన మనిషి. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో ఒకసారి హాస్టలుకు వచ్చారు. నా గదికి తాళం; కిటికీలోంచి చూస్తే లోపల పంకా తిరుగుతోంది. తిరిగి వచ్చేసరికి గది చల్లగా ఉండాలని నేనే వదిలి వెళ్ళాను. ఆయన కోప్పడలేదు. “దీనికి బొగ్గు ఎత్తిపోసేవాడెవడురా?” అన్నారు.

అప్పుడు నవ్వాను. ఇప్పుడు లెక్క వేశాను. 75 వాట్ల పంకా 13 గంటల పైచిలుకు తిరిగితే ఒక యూనిట్టు. అందుకు, 1983లో ఉత్పత్తి మొదలైన మా పొరుగు కోర్బా విద్యుత్కేంద్రం వంటి చోట సుమారు 700 గ్రాముల బొగ్గు మండాలి. మన బొగ్గులో దాదాపు మూడోవంతు బూడిదే. ఖాళీ గదిలో రాత్రంతా సాగిన దుబారా, తెల్లవారేసరికి కోర్బాలో పావు కిలో చెత్త! ఇంగ్లీషువాడు ఒక్క మాటతో సరిపెట్టింది బద్ధకంతో కాదేమో.

చివరకు ‘దుబారా’ అనే వ్రాశాను. నాన్నగారుంటే చదివి వినిపించేవాణ్ణి.