బుధవారం రాత్రి పాట

మొన్న దసరాకి అందరం రాయగడ ఇంట్లో కలిసినప్పుడు మేనకోడలు ఒక ప్రశ్న అడిగింది. "మావయ్యా, మన పేజీ అడ్రసు ఇదివరకు చివర డాట్ సిఏ అని ఉండేది కదా, ఎందుకు మారిపోయింది?" అక్కడున్న పెద్దవాళ్ళెవరూ నోరు విప్పలేదు. నేను కూడా "అదో పెద్ద కథలేమ్మా" అని దాటేశాను. దాటేయడం బాగోలేదని తర్వాత అనిపించింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నా తప్పు కొంత ఉంది, నా డబ్బు కొంత ఉంది, తాతగారి భూమి సంగతి కూడా ఉంది.

మన ఇంటికి వేలంపాట కొత్త కాదు. తాతగారు పార్వతీపురం దగ్గరి పల్లె నుంచి రాయగడ వచ్చింది రాయపూర్-విజయనగరం రైలు పడ్డాక. ఆ లైను 1931లో పూర్తయింది. అప్పటికి ఇదంతా జయపురం సంస్థానం, విశాఖపట్నం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి మనం కోరాపుట్ జిల్లా వాళ్ళమయ్యాం. 1992 అక్టోబరు 2న రాయగడ వేరే జిల్లా అయింది. మనం అదే వీధిలో ఉన్నాం, జిల్లాలే మారాయి.

తాతగారిది చింతపండు వ్యాపారం. చెట్ల ఫలసాయానికి పాట పెట్టినప్పుడల్లా వెళ్ళేవారు. బయల్దేరే ముందు చిన్న చీటీ మీద ఒక అంకె రాసి జేబులో వేసుకునేవారట. పాట ఆ అంకె దాటిందా, కండువా దులుపుకుని లేచి వచ్చేసేవారు. "పక్కోడు పాడతన్నాడని మనం పాడకూడదురా" అనేవారని నాన్న ఎన్నిసార్లు చెప్పారో.

ఇక అన్నయ్య సంగతి. మీలో చిన్నవాళ్ళకి గుర్తుండకపోవచ్చు, పెదనాన్నగారి పెద్దబ్బాయి. 2001లో కెనడా వెళ్ళి మిస్సిసాగాలో స్థిరపడ్డాడు, తర్వాత అక్కడి పౌరుడయ్యాడు. 2009లో మన ఇంటిపేరుతో ఒక డొమైన్ కొన్నాడు. డాట్ కామ్ అప్పటికే ఎవరో తీసేసుకున్నారు, అందుకని డాట్ సిఏ. తాతగారి ఫోటోలు, వంశవృక్షం, నాయనమ్మ చేతిరాత వంటల పుస్తకం, అన్నీ స్కాన్ చేసి అందులో పెట్టాడు. మనవాళ్ళు హైదరాబాదులో ఉన్నా, విశాఖలో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా అదే చూసుకునేవాళ్ళు.

డాట్ సిఏ అంటే కెనడా దేశపు గుర్తు. మనకి డాట్ ఇన్ ఎలాగో వాళ్ళకి అది అలాగ. 1987లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసే జాన్ డెమ్‌కో అనే ఆయన చేతికి దాన్ని అప్పగించారు. 1988 జనవరిలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ విశ్వవిద్యాలయానికి మొదటి పేరు ఇచ్చారు. చాలా ఏళ్ళు ఆయనా, కొందరు స్వచ్ఛంద సేవకులూ కలిసి నడిపించారు. 2000 డిసెంబరు 1 నుంచి సీరా అనే సంస్థ చూసుకుంటోంది.

అక్కడ ఒక నియమం ఉంది, ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. డాట్ సిఏ పేరు ఎవరు పడితే వాళ్ళు తీసుకోవడానికి లేదు. కెనడా పౌరులైనా కావాలి, అక్కడ శాశ్వత నివాసమైనా ఉండాలి, అక్కడి కంపెనీయో సంఘమో అయినా కావాలి. అక్కడి ట్రేడ్‌మార్కు ఉన్నవాళ్ళలాంటి కొందరికి మినహాయింపులున్నాయి. రాయగడలో కూర్చున్న నాలాంటి వాడి దగ్గర ఎంత డబ్బున్నా తన పేరున కొనలేడు.

అయినా నేను కొన్నాను. ఎలాగో చెబుతాను.

2011లో అన్నయ్య ఫోన్లో ఒక మాట చెప్పాడు. గడువు దాటినా డబ్బు కట్టని పేరుకి ఇంకో 30 రోజులు అవకాశమిస్తారు. అప్పటికీ పాత యజమాని రాకపోతే ఆ పేరు విడుదల జాబితాలోకి వెళుతుంది. ప్రతి బుధవారం ఒట్టావా టైము మధ్యాహ్నం 2 గంటలకి ఆ పేర్లన్నీ ఒక్కసారిగా వదులుతారు. పేర్లు అమ్మే రిజిస్ట్రార్లు కంప్యూటర్లు పెట్టుకుని ఆ క్షణంలో పట్టుకోవడానికి పోటీ పడతారు. ఒకే రిజిస్ట్రారు దగ్గర ఒకే పేరుకి ఇద్దరు ముగ్గురు ముందుగా ఆర్డరు పెట్టి ఉంటే, పేరు చిక్కాక వాళ్ళ మధ్య వేలం. "చింతపండు పాట లాంటిదేరా" అన్నాడు. ఆ మాటకి నేను పడిపోయాను.

ఒట్టావాలో మధ్యాహ్నం 2 అంటే మనకి వేసవిలో రాత్రి పదకొండున్నర, వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకునే చలికాలంలో పన్నెండున్నర. ఆ వారం జాబితా ముందే వచ్చేది. కొట్టు కట్టేసి, భోంచేసి, వేల పేర్లు ఒక్కొక్కటీ చూసేవాణ్ణి. కరెంటు పోతే బ్యాటరీ లైటు. మీ పిన్ని ఒకటి రెండుసార్లు లేచి చూసి "ఏటీ చదువు ఈ వయసులో" అని పడుకునేది.

ఏ పేరుకి విలువ ఉంటుందో నెమ్మదిగా తెలిసింది. పొట్టిగా ఉండాలి. నోటితో చెబితే అవతలివాడు తప్పు లేకుండా రాయగలగాలి. ఊరి పేరూ చేతిపనీ కలిస్తే గిరాకీ, ఎందుకంటే ఆ ఊళ్ళో పైకప్పులు వేసేవాడో, పళ్ళ డాక్టరో ఏదో ఒకనాటికి కొంటాడు. పాత పేరైతే దానివైపు చూపించే లింకులు ఎక్కడెక్కడో ఉంటాయి, వాటి కోసం కొనేవాళ్ళు వేరే. కెనడాలో ఫ్రెంచి మాట్లాడేవాళ్ళున్నారన్న సంగతి మర్చిపోకూడదు. కంపెనీల పేర్ల జోలికి పోకూడదు. ట్రేడ్‌మార్కు ఉన్నవాడు ఫిర్యాదు చేస్తే పేరూ పోతుంది, పెట్టిన డబ్బూ పోతుంది. ఒకసారి నేను ఆశపడి ఒక సబ్బు పేరు చెప్పాను. అన్నయ్య తిట్టాడు.

ఆరేళ్ళలో 14 పేర్లు కొన్నాం. అమ్ముడుపోయినవి నాలుగు. అన్నిటికంటే మంచి బేరం, 60 డాలర్లకి పాడిన పేరు 900కి పోవడం. నేను మూడు రోజులు నేల మీద నడవలేదు. మిగతా పదీ ఏటేటా రుసుము తింటూ కూర్చున్నాయి. లెక్క సరిగ్గా వేస్తే లాభం పెద్దగా లేదు. పాటలో గెలవడం వేరు, అమ్ముకోవడం వేరు. పాట నెగ్గిన రాత్రి ఆ తేడా తెలీదు.

డబ్బు చెరిసగం. పేర్లన్నీ అన్నయ్యవే. అక్కడి నియమం ప్రకారం అతనికే హక్కుంది కాబట్టి అతని పేరున, అతని ఖాతాలో. మా మధ్య కాగితం లేదు. అన్నదమ్ములకి కాగితమేంటి అనుకున్నాం.

ఒకరోజు నాన్నకి ఇదంతా గొప్పగా చెప్పాను. విని, కాసేపు ఊరుకుని, "నీ పేరున లేనిదాన్ని నీదంటావేట్రా? మీ తాత భూమి లాగే అవుద్ది" అన్నారు.

ఆ భూమి సంగతి ఈ పేజీల్లో ఇంతవరకూ ఎవరూ రాయలేదు. కోరాపుట్, రాయగడ రెండూ షెడ్యూల్డ్ ప్రాంతాలు. ఇక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులు అనుమతి లేకుండా కొంటే చెల్లదని 1956లో 2వ నంబరు రెగ్యులేషన్ వచ్చింది. తాతగారికి ఆ సంగతి బాగా తెలుసు. తెలిసే 1961లో ఎకరం డెబ్బై సెంట్లు మన దగ్గర పనిచేసే కోదు పెద్దాయన పేరున కొన్నారు. డబ్బు మనది, పట్టా ఆయనది, ఆ పట్టా కాగితం మాత్రం మన ఇనప్పెట్టెలో. నలభై ఏళ్ళు ఆయన దున్నాడు, మనం పంట తెచ్చుకున్నాం. 2002లో ఆ రెగ్యులేషన్ని సవరించి ఉన్న కాస్త సందూ మూసేశారు. మరుసటేడు ఆయన కొడుకు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, "బాబూ, మా నాన్న కాగితం ఇయ్యండి" అని అడిగాడు. గొడవ పడలేదు, గొంతు కూడా పెంచలేదు. నాన్న లోపలికి వెళ్ళి పట్టా తెచ్చి ఇచ్చేశారు. మన బంధువుల్లో కొందరు ఆయనతో రెండేళ్ళు మాట్లాడలేదు. ఎవరో మీకే తెలుసు.

నాన్న పోలిక నాకు అప్పుడు నచ్చలేదు. "భూమి వేరు, కంప్యూటర్లో పేరు వేరు నాన్నా" అన్నాను.

2018 జనవరిలో అన్నయ్య పోయాడు. గుండెపోటు. వదిన దుఃఖంలో ఉంది, నేను అడగలేకపోయాను. పేర్లకి డబ్బు కట్టమని వచ్చే ఈమెయిళ్ళు అన్నయ్య పెట్టెలోకి వెళుతున్నాయి, దాని తాళం ఎవరి దగ్గరా లేదు. అతని కార్డు ఆగిపోయింది. నేను బుధవారాలు చూసే జాబితాలోనే మా పది పేర్లూ ఒక్కొక్కటిగా వచ్చాయి. వేరేవాళ్ళు పాడుకున్నారు. "నా సగం" అనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ డబ్బు పోయింది, దానికి ఏడవలేదు.

మార్చిలో ఒకరోజు మన ఇంటిపేరు పేజీ తెరిస్తే తెల్లగా కనిపించింది. అప్పుడు గుండె ఆగినంత పనైంది. మరణ పత్రాలూ అవీ పంపి రిజిస్ట్రారుతో మాట్లాడేసరికి ఆ 30 రోజులూ దాటిపోయాయి. ఇక మిగిలింది పాటే.

అన్నయ్య కూతురికి అప్పుడు 20 ఏళ్ళు. అక్కడే పెరిగిన పిల్ల, అక్కడి పౌరురాలు. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. ఈలోగా అక్కడి తెలిసినాయన ఒకరు, "నా పేరున పట్టిస్తాను, మీరు డబ్బు పంపండి, మీదే అనుకోండి" అన్నాడు. మంచి మనిషే. కానీ "మీదే అనుకోండి" అన్న మాట దగ్గర నాకు ఇనప్పెట్టెలోని పట్టా కళ్ళముందు కదిలింది. వద్దన్నాను. పాపకి ఫోన్ చేసి, "నువ్వు నీ కోసం పాడుతావా అమ్మా? పేరు నీది అవుతుంది, నాది కాదు. ఆ పేజీలో మేమంతా నీ ఇంటికి వచ్చిన చుట్టాలం" అన్నాను. "పాడతాను బాబాయ్" అంది.

మే నెలలో ఒక బుధవారం. పదకొండున్నరకి పేరు వదిలారు, మేం ఆర్డరు పెట్టిన చోటే చిక్కింది. మాతోబాటు ఇంకో ఇద్దరు. మన ఇంటిపేరు ఇంగ్లీషులో నాలుగే అక్షరాలు కదా, నాలుగక్షరాల పేర్లంటే వ్యాపారులు ఎగబడతారు. వాళ్ళకి అది తాతగారి పేరు కాదు, నాలుగక్షరాలు. వేలం కొన్ని రోజులు నడిచింది. 400 డాలర్లు, అంటే అప్పటి లెక్కన 20 వేలు దాటితే ఆపేద్దామని ముందే అనుకున్నాం. చివరి గంటలో 410 అయింది. "ఇంకో యాభై పెంచమ్మా, నేను పంపిస్తాను" అన్నాను. నిజం చెబుతున్నా, ఆ నిమిషంలో వెయ్యి అడిగినా ఇచ్చేవాణ్ణి. పాప కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్న ఎప్పుడూ ముందే పేపర్ మీద నంబర్ రాసేవాడు బాబాయ్. నేనూ రాశాను. అది దాటిపోయింది" అంది.

తాతగారి చీటీ అలవాటు అన్నయ్య ఆ పిల్ల దాకా మోసుకెళ్ళాడని నాకు తెలీదు. నోట మాట రాలేదు.

పేరు పోయింది. కొన్నాళ్ళకి అది 2,500 డాలర్లకి అమ్మకానికి కనిపించింది. చూసి ఊరుకున్నాను. కొన్నవాడి తప్పు లేదు, ఆరేళ్ళు నేను చేసిందీ అదే. ఎవరి ఇంటిపేర్లు మా పద్నాలుగులో ఉన్నాయో నేనెప్పుడైనా ఆలోచించానా?

పేజీలు మాత్రం పోలేదు. అన్నయ్య కంప్యూటర్లో అన్నిటికీ నకలు ఉంది. పాప ఒక శనివారమంతా కూర్చుని పంపింది. మీరిప్పుడు చదువుతున్నది వాటినే, డాట్ ఇన్ అడ్రసు మీద. డబ్బు కట్టినన్నాళ్ళే మనది, మానేస్తే ఇదీ పాటకే పోతుంది. ఇది నా పేరున ఉంది. పాస్‌వర్డు నా దగ్గరా, మేనకోడలి దగ్గరా ఉంది. గడువు ఏటా ఆగస్టు 20. ఇంట్లో దేవుడి గూడు పక్కన వేలాడే క్యాలెండరు మీద రాసి పెట్టాను. మీరూ రాసుకోండి. ఆ రోజుకి నేను ఫోన్ చేయకపోతే, మీరే చేయండి.