వీథి యెవరిది?

ఇల్లు చక్కదిద్దుకొనుటను గూర్చి మనము తఱచుగా ముచ్చటించుకొందుము. గడప దాటిన తరువాతి వీథితో మనకేమి పని యని యూరకుందుము. మేమును నిరుటి వఱకు నట్లే యుంటిమి. నిరుడు శ్రావణమాసమున నొకనాటి రాత్రి, మావారు పదవ తరగతి పిల్లలకు పాఠము చెప్పి వచ్చుచు, మా వాకిటి యెదుటనే నీరు నిండిన గోతిలో స్కూటరుతో గూడ పడి కుడిచేయి విఱుగగొట్టుకొనిరి. నలువది దినములు పిండికట్టుతో నుండి సుద్దముక్క పట్టజాలకపోయిరి. అప్పుడుగాని మాకు కన్నులు తెఱువబడలేదు.

ఆ గోతిని పురపాలక సంఘమువారు పూడ్చకపోలేదు. రెండేండ్లలో మూడు మాఱులు పూడ్చిరి. రెండు వానలు గురియగనే యది మరల నోరు తెఱచెడిది. ఇరుగుపొరుగు స్త్రీలము అయిదుగురము కలిసి, మా వార్డు కౌన్సిలరమ్మను వెంటబెట్టుకొనిపోయి యర్జీ నిచ్చితిమి. కొన్నాళ్లకు ఇంజనీరుగారు వచ్చి చూచిరి.

రోడ్లన్నియు నొక్కరివి కావని యప్పుడే తెలిసికొంటిమి. జాతీయ రహదారులు కేంద్ర ప్రభుత్వమువి. ఊరూరను గలుపు పెద్ద బాటలు రాష్ట్రపు రోడ్లు భవనముల శాఖవి. పట్టణములోని వీథులు పురపాలక సంఘమువి. 1992లో చేయబడి 1993లో అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పట్టణ సంఘముల కప్పగింపదగిన 18 విషయములను పేర్కొన్నది. అందు రోడ్లును వంతెనలును గలవు. ఇంజనీరు అంచనా వేయును. సంఘము మంజూరు చేయును. టెండరు పిలిచి కంట్రాక్టరునకు పని యప్పగింతురు. మనము చెల్లించు ఆస్తిపన్నులో కొంత యిట్టి పనులకే పోవును.

తారు రోడ్డునకు బండికంటె నీరే పగ. తారు కంకరను బట్టియుంచు జిగురు వంటిది. నిలిచిన నీరు పగుళ్లవెంట దిగి యా పట్టును వదలించును. క్రింది మన్ను మెత్తబడును. పైని చక్రము దొరలగనే కంకర లేచిపోవును. అందుచేతనే రోడ్డును నడుమ నెత్తుగను, అంచులకు వాలుగను వేయుదురు. గోతిని పూడ్చునపుడు చెడిన యంచులను నిలువుగా చెక్కి, నీరును మట్టియును తీసివేసి, తడి యాఱిన పిదప తారు పూసి, తారు కలిపిన కంకర నింపి గట్టిగా దిమ్మిస కొట్టవలెను. మా వీథిలో మూడు మాఱులును నీటిలోనే కంకర కుమ్మరించి పోవుట మేము కన్నులార జూచితిమి. ఆ మాట చెప్పగా ఇంజనీరుగారు కాదనలేదు.

అయితే ఆయన మా గుమ్మము వైపు చూపి, "అమ్మా, ఈ నీరు కాలువలోనికేల పోవుట లేదో చూచితిరా?" యనిరి. స్కూటరు ఎక్కించుటకై మేము మూడేండ్ల క్రిందట కాలువపై పోయించిన సిమెంటు చప్టా, రోడ్డు అంచును గప్పి నీటి కడ్డుకట్టయై యున్నది! చిన్ననాడు నాయనగారి యొద్ద మేము కౌటిల్యుని యర్థశాస్త్రము చదివితిమి. వీథిలో బురదనీరు నిలుపువారికి పణములో నాల్గవ వంతు జరిమానాయనియు, రాజమార్గమున నైనచో ఇబ్బడి యనియు నందు గలదు. ఆ జరిమానా మాకే తగునని సిగ్గుపడితిమి.

మావారితో చెప్పగా వారొక గడియ మాటాడలేదు. పిదప కూలివానిని పిలిపించి చప్టా కొట్టించి, నీరు క్రిందుగా పోవునట్లు ఇనుప జాలి వేయించిరి. మఱి మూడిండ్లవారును అట్లే చేసిరి. ఎదురింటి పిన్నిగారు మాత్రము "అందఱి తరువాత చూతము" అనిరి. మాఘమాసమున నేల యెండియుండగా సంఘమువారు గోతిని పద్ధతిగా పూడ్చిరి. ఒక వానకాలము గడచినను అది చెక్కుచెదరలేదు. పిన్నిగారి గుమ్మము నెదుట మాత్రము క్రొత్త గొయ్యి పుట్టుచున్నది.

కావున సోదరులారా యని సభలలో పలుకుటకంటె, సోదరీమణులారా యని మిమ్మే వేడుచున్నాము. పన్ను కట్టినవారము గనుక పని సరిగా జరుగుచున్నదా యని నిలిచి యడుగుడు. అడుగబోవుటకు ముందు మీ గుమ్మము క్రింద కాలువ పాఱుచున్నదో లేదో యొక్కసారి చూచుకొనుడు.